అయిదువేల రూపాయలూ, రెండు చెవులూ

మొన్నొక మధ్యాహ్నం ఛందస్సు పాఠం ముగించి తరగతి గది నుండి బయటికి వస్తూంటే, ద్వితీయ సంవత్సరం విద్యార్థి ఒకడు వరండాలో నా కోసం నిలబడి వున్నాడు. గణవిభజనలో ఏదో సందేహం వచ్చి వుంటుందని సంతోషించాను. అతడు మాత్రం కొంచెం సంకోచిస్తూ, "సార్, మూడువేల లోపు మంచి హెడ్‌ఫోను ఏదైనా చెప్పండి. నాకు రాక్, మెటల్ సంగీతం ఇష్టం. రోజూ బస్సులో వింటాను" అన్నాడు. తెలుగు పంతులుకు ఈ విషయం తెలుసునని అతనికెవరు చెప్పారో నాకు తెలియదు. "రేపు చెబుతాలే" అని పంపించాను. తీరా ఆలోచించగా, ఒక పేరూ ఒక ధరా చెప్పి వూరుకుంటే అతనికి మేలు చేసినట్టు కాదనిపించింది. ఇంతలో సంచికకు వ్యాసం కావాలని సంపాదకవర్గం వారు అడిగారు. అందుచేత ఆ జవాబును అందరికీ పనికివచ్చేటట్లుగా ఇక్కడ రాస్తున్నాను.

పెద్ద చప్పుడంటే నాకు ఇష్టం కలగడానికి మూలం మా యింట్లోనే వుంది. మా అబ్బా ఇందుకూరుపేట ప్రాంతంలో ముప్పయ్యేళ్లకు పైగా పెళ్లి బ్యాండుమేళంలో డ్రమ్ము వాయించారు. ముహూర్తాల రోజుల్లో ఒక రాత్రి కోవూరు, మరొక రాత్రి అల్లూరు, ఆ మర్నాడు మైపాడు. పీర్ల పండుగ వస్తే మెడలో తాషా. నేను నడక నేర్చింది ఆ దరువుల మధ్యనే. తరువాత తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివే రోజుల్లో, హాస్టలులో నా గది మిత్రుడొకడు ఇంగ్లండు దేశపు బ్లాక్ సబ్బత్ బృందం సంగీతం వినిపించాడు. 1970 ఫిబ్రవరిలో వెలువడిన వారి మొదటి ఆల్బంతోనే హెవీ మెటల్ మొదలైందని చాలామంది అంటారు. ఆ బృందపు గిటారు వాద్యకారుడు టోనీ అయోమీ బర్మింగ్‌హాంలో రేకుల కర్మాగారంలో పనిచేస్తూ, యంత్రంలో పడి కుడిచేతి రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్నాడు. ప్లాస్టిక్ సీసా కరిగించి వేలితొడుగులు చేసుకుని మళ్లీ వాయించాడు. తరువాత తీగల బిగువు తగ్గించి శ్రుతిని కిందికి దించాడు. ఆ బరువైన నాదం అలా పుట్టింది. పనిచేసే చేతులనుండి వచ్చిన ఆ సంగీతం డ్రమ్ములవాడి కొడుకునైన నాకు పరాయిదిగా తోచలేదు.

ఛందస్సు చదివేవాడికి అందులో మరొక ఆకర్షణ వుంది. ఐరన్ మెయిడెన్ అనే బృందం 1983లో విడుదల చేసిన 'ది ట్రూపర్' అనే పాటలో గుర్రపు దౌడువంటి నడక వినిపిస్తుంది. ఒక దీర్ఘం, రెండు హ్రస్వాలు. మళ్లీ ఒక దీర్ఘం, రెండు హ్రస్వాలు. అంటే గురువు, లఘువు, లఘువు. మన భగణమే! ఉత్పలమాల మొదలయ్యేది కూడా భగణంతోనే గదా. రెండు కాళ్లతో రెండు పెడళ్లను తొక్కుతూ పెద్ద డ్రమ్మును ఎడతెరిపి లేకుండా మోగించే చోట సర్వలఘు కందం గుర్తుకు వస్తుంది. ఈ పోలిక కేవలం చమత్కారం కోసం చెప్పలేదు. హెడ్‌ఫోను ఎన్నుకోవడంలో దీని అవసరం తరువాత పడుతుంది.

2011 అక్టోబరు 30వ తేదీన బెంగుళూరు ప్యాలెస్ మైదానంలో మెటాలికా బృందం వాయించింది. తిరుపతి నుండి బస్సెక్కి వెళ్లాను. ముందు వరుసకు చేరాలన్న ఆశతో స్పీకర్ల గోడకు దగ్గరగా నిలబడ్డాను. మూడు రోజులపాటు చెవుల్లో గంట మోగినట్లు ఒకటే రొద. తప్పు వాయించినవారిది కాదు, నిలబడినవాడిది. రొద తగ్గగానే సంగతి మరచిపోయాను. ఉద్యోగం వచ్చిన తరువాత ఇందుకూరుపేట నుండి నెల్లూరుకు రోజూ బస్సు ప్రయాణం. రానూ పోనూ రెండు గంటలు. జేబులో చవక ఇయర్‌ఫోను. ఇంజను హోరును మించి పాట వినబడాలంటే శబ్దాన్ని చివరి గీతదాకా పెంచాలి. ఏళ్ల తరబడి అలాగే పెంచాను.

మూడేళ్ల క్రితం తరగతిలో ఒక విద్యార్థి పద్యం చదువుతున్నాడు. "శరము" అన్నచోట నాకు "సరము" అని వినిపించింది. ఆపి, బాణానికీ దండకూ గల భేదాన్ని వివరించి, మళ్లీ చదవమన్నాను. చదివాడు. మళ్లీ సరమే వినిపించింది. తరగతి నిశ్శబ్దమైంది. ముందు బెంచీలోని అమ్మాయి మెల్లగా, "సార్, రెండుసార్లూ శరమనే అన్నాడండీ" అంది. నేను నవ్వి తప్పించుకున్నాను గాని, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాడికి శ, ష, స లు ఏం పలుకుతాయిలెమ్మని నా ఉద్యోగపు తొలిరోజుల్లో అనుకున్నవారున్నారు. చక్కని ఉచ్చారణ గలవాడిని ఉర్దూలో 'శీన్-ఖాఫ్ దురుస్త్' అంటారని, శీన్‌కూ సీన్‌కూ తేడా మాకు ఉగ్గుపాలతోనే వస్తుందని వారికి నా పాఠంతోనే జవాబు చెప్పాను. అటువంటి నాకు ఇప్పుడు ఆ తేడాయే చెవికి అందలేదు.

నెల్లూరులో వినికిడి పరీక్ష చేయించుకున్నాను. కాగితం మీద గీత మెల్లగా సాగి, 4,000 హెర్ట్‌జుల దగ్గర గోతిలో పడినట్టు దిగింది. అధిక శబ్దంవల్ల కలిగే నష్టం సాధారణంగా మొదట ఆ ప్రాంతంలోనే కనబడుతుందని పరీక్ష చేసినావిడ చెప్పారు. శ, స ల వంటి ఊష్మాక్షరాల భేదాన్ని తెలిపే సన్నని ధ్వని చాలావరకు ఆ పై ప్రాంతాల్లోనే వుంటుంది. లోపలి చెవిలో శంఖాకారపు భాగం ఒకటుంది. అందులోని సూక్ష్మమైన రోమకణాలు శబ్దాన్ని గ్రహిస్తాయి. మనుష్యులలో అవి ఒకసారి నశిస్తే మళ్లీ మొలవవు. "సంగీతం మానెయ్యాలా?" అని అడిగాను. "అక్కరలేదు. శబ్దం తగ్గించండి, సమయం తగ్గించండి" అన్నారు.

అప్పుడు లెక్క వేసుకున్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా ప్రకారం పెద్దలు 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటలు వినవచ్చు. ప్రతి 3 డెసిబెల్స్ పెంపుకూ ఆ కాలం సగమవుతుంది. 90 దగ్గర మిగిలేది వారానికి సుమారు 4 గంటలే. బస్సులో నా ఫోను చూపించిన హోరు 80 ప్రాంతంలో వుంది. అది ఉజ్జాయింపు లెక్కే అయినా, దాన్ని మించి పాట వినాలంటే 90కి పోక తప్పదు. రోజుకు రెండు గంటలు, వారానికి ఆరు రోజులు. అంటే నేను మితికి మూడింతలు వింటున్నాను. ఆ లెక్కతో నాకొక విషయం స్పష్టమైంది. నేను కొనవలసింది గట్టిగా మోగే హెడ్‌ఫోను కాదు. తక్కువ శబ్దంలోనే సంగీతం పూర్తిగా వినిపించేది. దానికి నేను కేటాయించగలిగింది అయిదువేల రూపాయలు.

ఆ సొమ్ము జేబులో పెట్టుకుని చెన్నైలో ఎలక్ట్రానిక్ సామగ్రికి ప్రసిద్ధమైన రిచీ స్ట్రీటుకు వెళ్లాను. అక్కడ తిరిగి నేర్చుకున్న సంగతులు మీకు చెబుతాను.

మొదటిది, కప్పుల నిర్మాణం. వెనుక జల్లెడవలె తెరిచివున్న రకం ఇంట్లో వినడానికి హాయిగా వుంటుంది గాని, బయటి రొద లోపలికి, లోపలి పాట పక్కవాడికి పోతుంది. బస్సుకు మూసిన రకమే తగినది. చెవిమీద కూర్చునే చిన్నదానికంటె చెవిని చుట్టూ కప్పే పెద్దది రొదను బాగా ఆపుతుంది. అయితే మెత్త సందు లేకుండా ఆనాలి. సందు పడితే ముందుగా పోయేవి మంద్రస్వరాలు. నా కళ్లజోడు కాడ ఆ సందు చేస్తుంది. పలుచని కాడల జోడు మార్చుకున్నాను. టోపీ అంచు, హిజాబు మడత కూడా అదే పని చేస్తాయి. కాబట్టి మీరు రోజూ ధరించే వాటితోనే కొట్టులో పెట్టి చూసుకోండి.

రెండవది, మంద్రం. చవక హెడ్‌ఫోనులు చాలావాటిలో దానిని కావాలని పెంచి అమ్ముతారు. సినిమా పాటకు అది మొదట్లో ఇంపుగానే తోస్తుంది. మెటల్ సంగీతంలో అట్లా కాదు. అందులో గిటారు అట్టడుగు తీగ 82 హెర్ట్‌జుల దగ్గర, బేస్ గిటారుది 41 దగ్గర మోగుతాయి. పెద్ద డ్రమ్ము వాటి మధ్యనే కొడుతుంది. ఆ ఇరుకులో మంద్రం ఉబ్బితే గిటారు మునిగిపోతుంది. సర్వలఘువుగా నడవవలసిన డ్రమ్ము దెబ్బలు ఒకదానిలో ఒకటి కలిసి ఒకే పెద్ద గురువుగా మారిపోతాయి. దెబ్బకూ దెబ్బకూ మధ్య నిశ్శబ్దం వినిపించాలి. అందుకే 'ది ట్రూపర్' పెట్టి భగణాలు విడివిడిగా వస్తున్నాయా లేదా అని పరీక్షించాను. ఇక రెండో కొసన తాళాల ధ్వని ఈలవలె చెవిలో గుచ్చుకుంటే దానిని కూడా పక్కన పెట్టాను. అయితే రికార్డింగులోనే వున్న దోషాన్ని ఏ హెడ్‌ఫోనూ దిద్దలేదు. మెటాలికా 2008లో తెచ్చిన 'డెత్ మాగ్నెటిక్' ఆల్బంలో శబ్దం మితిమీరి నొక్కబడిందని వారి అభిమానులే విమర్శించారు.

మూడవది, తీగా, తీగలేనిదా అన్నది. విమాన ప్రయాణంలో రొదకు విసిగి, 1978లో రొదను రొదతోనే రద్దు చేసే ఉపాయం ఆలోచించినవాడు అమర్ బోస్. ఆయన తండ్రి బెంగాల్ నుండి అమెరికాకు వెళ్లిన స్వాతంత్ర్య వాది. ఆ పద్ధతి ఇంజను హోరువంటి మంద్రమైన, నిలకడైన ధ్వనిని చక్కగా తగ్గిస్తుంది. కండక్టరు కేకను అంతగా తగ్గించదు. డబ్బు వున్నవారికి అది మంచి సాధనమే. తక్కువ ధరలో మాత్రం ఆ హంగులకు పోయే ఖర్చు నాదంలో తగ్గుతుందేమోనని నేను తీగ వున్నదానినే ఎంచుకున్నాను. అందులోనూ ఓముల అంకె చూడాలి. 250 ఓముల రకాన్ని ఫోను చాలినంతగా మోగించలేదు.

చివరకు నేను కొన్నది ఆడియో-టెక్నికా వారి ఎం20ఎక్స్. 47 ఓములు, మూసిన కప్పులు, నా అయిదువేల లోపునే దొరికింది. దోషాలు లేవని చెప్పను. దాని తీగ మూడు మీటర్లు; ఊడదీసి పొట్టిది పెట్టుకునే వీలు లేదు. చుట్టచుట్టి రబ్బరు బ్యాండు వేసుకుంటాను. ఎండాకాలం మన కోస్తా ఉక్కలో చెవులు చెమటతో తడుస్తాయి. తుడవకపోతే మెత్తల తోలు పొరలుగా లేస్తుంది. ఉప్పుగాలికి పిన్ను మసకబారుతుంది. గుడ్డతో తుడిచి సంచిలో పెట్టుకుంటున్నాను. అయినా శబ్దపు గీత సగం దాటకుండానే నాకిప్పుడు బస్సులో పాట వినిపిస్తోంది. బస్సు దిగగానే తీసేస్తాను. రోడ్డు మీద చెవులు మూసుకు నడవడం ప్రమాదం.

కొన్న రోజు సాయంత్రం అబ్బా దానిని చేతిలోకి తీసుకుని, "ఏందిరా ఇది, చెవులకి టోపీనా?" అని నవ్వారు. తగిలించి 'ది ట్రూపర్' పెట్టాను. "పెంచు" అన్నారు. పెంచాను. "ఇంకొంచెం" అన్నారు. అలా మూడుసార్లు. పక్కన కూర్చున్న నాకు కప్పుల బయటికే గిటారు వినిపిస్తున్నది. ఆయనకు ఇంకా అందలేదు. ముప్పయ్యేళ్ల డ్రమ్ము, తాషా ఆయన చెవులనుండి ఏమి తీసుకున్నాయో ఆ రోజు దాకా నేను కొలిచి చూడలేదు. ఇంటిల్లిపాదీ ఆ దరువుమీదే తిన్నాము, నా ఎం.ఏ. ఫీజూ ఆ దరువే కట్టింది. నాలుగోసారి పెంచడానికి నా చెయ్యి ఆడలేదు.

ఆయన హెడ్‌ఫోను తీసి ఒక కప్పును అరచేతిలో ఆనించుకున్నారు. కొంతసేపు అలాగే కూర్చున్నారు. తరువాత రెండో చేతి వేళ్లు మంచంపట్టె మీద కదిలాయి. ఒక దీర్ఘం, రెండు హ్రస్వాలు. ఒక్క దెబ్బ కూడా తప్పలేదు. "వీడెవుడో బాగా కొడతన్నాడు" అన్నారు.

మరునాడే ఆయనను వినికిడి పరీక్షకు తీసుకువెళ్లాను. ఇప్పుడు యంత్రం పెట్టుకుంటున్నారు. మనవరాలి మాట తెలుస్తున్నదంటారు.

విద్యార్థి మిత్రులారా! మా అబ్బా తరానికి బతుకుతెరువులో ఎంపిక లేకపోయింది. మీరు వినేది సంతోషం కోసం. మీకు ఎంపిక వుంది. మూడువేలలో కూడా మూసిన కప్పులు గల మంచి సాదా హెడ్‌ఫోను వెతికితే దొరుకుతుంది. ఫోనులో శబ్దానికి హద్దు పెట్టుకునే వీలుంటే పెట్టుకోండి. చెవుల్లో రొద ఆగకపోతే సిగ్గుపడక పరీక్ష చేయించుకోండి. కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి: మనం ఏటా జరిపే కంటి పరీక్ష శిబిరంలో వినికిడి పరీక్షకు కూడా ఒక బల్ల వేయించగలరు.

ఇక వరండాలో నిలబడిన ఆ అబ్బాయికి: శనివారం సాయంత్రం ట్రంకు రోడ్డుకు వెళదాం. డబ్బు నువ్వు తెచ్చుకో. పరీక్షించే పాట నేను తెస్తాను. భగణాలు ఇద్దరం లెక్కపెడదాం.