గోడ మీద గీత

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు అమ్మి చూడు అని మాత్రం అనలేదు. వారి కాలంలో ఆ అవసరం అంతగా వచ్చి ఉండదు. ఆ సామెతకి మూడో ముక్క తగిలించే యోగ్యత గత మాఘమాసంలో నాకు లభించింది.

మాది కోనసీమ. కాకినాడ నుంచి రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా కోటిపల్లి రేవు చేరి, పంటు ఎక్కి గౌతమి దాటితే అవతల ముక్తేశ్వరం. అక్కడికి మూడు కిలోమీటర్లు మా వూరు. యానాం దగ్గర ఎదుర్లంక వంతెన వచ్చాక కార్లున్నవాళ్ళు అటు తిరిగి వెళుతున్నారు. నేను పంటు మీదే వెళ్ళాను. మాఘంలో గోదావరి ఎంత సాధువో! ఇసుక తిన్నెల నడుమ ఒదిగి ఒదిగి పోతూ ఉంటుంది. ఈ నది ఒకప్పుడు మా ఇంట్లోకి వచ్చి కూర్చుందంటే కొత్తవాళ్ళు నమ్మరు.

మాది మండువా లోగిలి. వీధి అరుగులు, సావిడి, నడుమ ఆకాశం కనిపించే మండువా, చుట్టూ గదులు, వెనుక వంటిల్లు, నుయ్యి, దొడ్డి. వాన కురిస్తే నాలుగు చూరుల నీళ్ళూ మండువాలో పడి, తూము గుండా దొడ్లోకి పోతాయి. గోడలు గానుగ సున్నంవి. స్తంభాలు టేకువి. ఏజెన్సీ అడవుల టేకు తెప్పలుగా కట్టి గోదావరి మీద రాజమహేంద్రవరం దాకా తెచ్చే రోజుల్లో మా తాతగారు కొన్నవి. 1996 నవంబరు తుపానులో గూన పెంకులు ఎగిరిపోతే, నాన్నగారు బెంగుళూరు పెంకు వేయించారు.

అమ్మకానికి ఇంటిని సిద్ధం చేయటమంటే మొదట కాగితాలు. దస్తావేజులు, పంచాయతీ పన్ను రసీదులు, ఇంటి మీద తాకట్టేమీ లేదని తెలియటానికి సబ్‌రిజిస్ట్రారు కచేరీ నుంచి ఈ.సీ. ఆ పైన వారసుల సంతకాలు. 2005 సవరణతో కూతురు కూడా కొడుకుతో సమానంగా వారసురాలైంది గనుక, హైదరాబాదులో ఉన్న అన్నయ్యతోపాటు విశాఖపట్నంలో ఉన్న అక్కయ్య కూడా వచ్చి సంతకం పెట్టాలి.

కాగితాల తర్వాత సామాను. అటక మీద నుంచి గంగాళాలు, ఊరగాయ జాడీలు, కావిడి పెట్టె దిగాయి. అమ్మ వారపత్రికల్లోంచి చించి కుట్టించుకున్న సీరియల్ నవలల బైండ్లు పదకొండు దిగాయి. ఒకదానికి చివరి రెండు వారాలూ లేవు. ఆ కథానాయిక పెళ్ళి అయిందో లేదో తెలియకుండానే అమ్మ వెళ్ళిపోయింది. పడమటి గదిలోని భోషాణం మాత్రం గుమ్మం పట్టలేదు. గదిలోనే వడ్రంగిని కూర్చోబెట్టి చేయించారట! దాన్ని ఇంటితోపాటే వదలక తప్పలేదు.

ఈ సందట్లో పట్నం నుంచి పాత సామాను వ్యాపారి ఒకాయన వచ్చి, టేపు పెట్టి స్తంభాలు కొలిచాడు. "ఇల్లు అలా ఉంచండి. నాలుగు స్తంభాలూ, వీధి ద్వారబంధం ఇచ్చెయ్యండి" అన్నాడు. హోటళ్ళ వాళ్ళు అలంకారానికి కొంటారట. స్తంభాలు తీశాక ఇల్లు ఎలా ఉంటుందో ఆయన చెప్పలేదు. నేను అడగలేదు.

మూడో పని సున్నం. చిక్కంతా అక్కడ వచ్చింది.

1986 ఆగస్టులో గోదావరికి మహా వరద వచ్చింది. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటింది. గట్లు తెగాయి. నాకప్పుడు ఆరేళ్ళు. మమ్మల్ని అటక మీద కూర్చోబెట్టి, అమ్మ అటుకులూ బెల్లం పెట్టింది. నీళ్ళు తీశాక నాన్నగారు మేకుతో మండువా గోడ మీద గీత గీసి, కింద తేదీ చెక్కి, బొగ్గు పూశారు. నేల నుంచి మోకాలెత్తు. ప్రతి సంక్రాంతికీ ఇల్లంతా సున్నం వేసినా, ఆ జానెడు మేర వదిలేయించేవారు.

అన్నయ్య ఫోనులో "ముందు ఆ గీత కనపడకుండా చేయించు. వరద సంగతి చాటింపు వేసి మరీ అమ్ముతామా?" అన్నాడు. నాకూ సబబుగానే తోచింది. మేస్త్రి "ఇది కూడా కొట్టెయ్యమంటారేంటండీ?" అని అడిగితే, కొట్టెయ్యమన్నాను. రెండు పూతలు వేసినా గీత పోలేదు. గంటు లోతుగా పడింది. బొగ్గు పోయి, గంటు మిగిలింది. రేపు సిమెంటు పెట్టి పూడుస్తానన్నాడు.

ఆ రాత్రి అక్కయ్యకి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "నాన్న అది మన కోసం గీశారనుకున్నావా? ఆ ఇంట్లో ఉండేవాళ్ళ కోసం గీశారు. అది పూడిస్తే నేను సంతకం పెట్టను" అంది. పాతికేళ్ళుగా పిల్లలకి పాఠాలు చెబుతున్నవాణ్ణి! అక్కయ్య చెప్పిన పాఠానికి నా దగ్గర జవాబు లేకపోయింది.

మర్నాడు మేస్త్రి కంటే ముందు కొనేవారే వచ్చారు. కొబ్బరి వ్యాపారి. వెంట వాళ్ళమ్మగారిని తీసుకువచ్చారు. డెబ్భై దాటిన మనిషి, లంక గ్రామంలో పుట్టి పెరిగినావిడ. ఆవిడ స్తంభాలు చూడలేదు, పెంకు చూడలేదు. మండువాలో నిలబడి, "ఎనబయ్యారులో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయి బాబూ?" అన్నారు.

నేను గోడ దగ్గరికి వెళ్ళి, తెల్లటి సున్నం కింద గంటు మీద వేలు పెట్టి చూపించాను. 2022 జులైలో 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరదకి మాత్రం మా వీధిలోకి నీళ్ళు రాలేదని కూడా చెప్పాను. ఆవిడ వంగి గీత తడిమి, దాని పక్కన నిలబడి, తన మోకాలితో సరిచూసుకున్నారు.

"ఇంతేనా! మా యింట్లో చూరు దాకా వచ్చాయి" అన్నారు. కొడుకు వైపు తిరిగి, "ధాన్యం అటక మీద పెట్టుకుంటే సరిపోద్దిరా" అన్నారు.

ఆయన పెంకు పాతబడిందని చెప్పి కొంత తగ్గించమన్నారు. వరద పేరు చెప్పి మాత్రం ఒక్క రూపాయి అడగలేదు. స్తంభాలు ఇంటితోనే ఉండాలన్నది ఆయన షరతు. అది నాకు వరమైంది.

మేస్త్రి సిమెంటు తట్టతో వచ్చేసరికి, ఆ పెద్దావిడ వంటింట్లోంచి బొగ్గుముక్క వెతికి తెచ్చి, గీతంతా మళ్ళీ నల్లగా దిద్దుతున్నారు. వాడు తట్ట దించి, నా మొహంలోకి చూశాడు. ఆ డబ్బుకి దొడ్డిగోడ బాగుచెయ్యమన్నాను.

తిరుగు పంటులో ఉండగా అన్నయ్య ఫోను చేశాడు. ధర సంగతి విని, కొంచెం గొణిగి, "ఇంతకీ ఆ గీత ఏం చేశావ్?" అన్నాడు.

"ఇంటితోపాటు అమ్మేశాను" అన్నాను.