కార్తెల లెక్కన బ్రేకు

మేదరమెట్ల దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి వదిలి అద్దంకి వైపు మళ్లితే పాత జీపుకి ఇంతకంటే సులువైన దారి ఉండదనిపిస్తుంది. నార్కట్‌పల్లి దాకా పోయే నాలుగు వరసల రోడ్డు, దానికి రెండు పక్కలా నల్లరేగడి, ఆ రేగట్లో పత్తి, మిరప, పొగాకు. సంక్రాంతి దాటాక వస్తే కల్లాల్లో ఆరబోసిన మిరపకాయల ఎరుపు కంటే ముందు ఘాటే పలకరిస్తుంది. ఇంత చదును నేల మీద బ్రేకు గురించి ఎవరికీ బెంగ ఉండదు. కొండల్లో తిరిగే బండికి కదా బ్రేకు గట్టిగా ఉండాల్సింది, మన డొంకల్లో ఏముంది అనుకుంటారు. ఈ దారి పొడవునా నేల తీరు, బండి తీరు పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచింది వేరు. ఘాట్ రోడ్డు బ్రేకును వేడెక్కించి వెంటనే హెచ్చరిస్తుంది. ఈ రేగడి నేల చప్పుడు లేకుండా లోపల్నుంచి తినేస్తుంది. కాబట్టి ఇక్కడి జీపు బ్రేకును కిలోమీటర్ల లెక్కన కాక, సేద్యానికి చూసుకున్నట్టే కార్తెల లెక్కన చూసుకోవాలి.

ముందు ఆ బండి కట్టుబడి సంగతి. రెండో ప్రపంచ యుద్ధం కోసం 1941లో తయారైన విల్లీస్ జీపును మహీంద్రా వాళ్లు 1947 నుంచి బొంబాయిలో బిగించడం మొదలుపెట్టారు. ఆ వంశంలో వచ్చిన పాత బళ్లకు నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. మాస్టర్ సిలిండర్ డ్రైవరు కాళ్ల కింద, ఛాసిస్ పక్కన, బురదకు అందేటంత కిందుగా ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యం, అందులోంచి నాలుగు చక్రాలకూ వెళ్లేది ఒకటే వరస. ఇప్పటి బళ్లలో రెండు వరసలుంటాయి, ఒకటి పోయినా రెండోది ఆదుకుంటుంది. ఈ పాతవాటిలో ఏ ఒక్క చక్రం దగ్గర పైపు పగిలినా నాలుగింటికీ బ్రేకు ఉండదు. అప్పుడు మిగిలేది హ్యాండ్ బ్రేకు. పాత మోడళ్లలో అది ఆయిలుతో పని లేకుండా వెనక షాఫ్టును పట్టుకుంటుంది. అది ఆపిన బండిని నిలబెట్టడానికే గాని, పరుగెత్తే బండిని ఆపడానికి కాదు.

అద్దంకి దాటి చేల దారుల్లోకి దిగితే రేగడి పనితనం తెలుస్తుంది. ఈ మట్టి నీరు తాగి ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది, తడిగా ఉన్నప్పుడు అంటుకుంటే వదలదు. వానాకాలంలో చక్రం వెనక పళ్లెం సందుల్లోంచి డ్రమ్ములోకి చేరిన అడుసు వేసవికి పెంకులా గట్టిపడుతుంది. అలాంటి డ్రమ్ము ఊడదీస్తే షూ చివర్లలో నల్లటి పెళ్లలు, లైనింగు మీద గీతలు కనిపిస్తాయి. వీల్ సిలిండర్ రబ్బరు టోపీని గోటితో కొద్దిగా పైకెత్తితే అంచున చెమ్మ మెరుస్తుంది. అది బ్రేకాయిలు. ఇంకా కింద పడలేదు కాబట్టి బయటికి ఏ మరకా కనిపించదు. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది గనుక ఆ పొడిని గాలితో ఊదకుండా తడిగుడ్డతో తుడవాలి.

ఇది అరుగుదల లెక్కకు అందే జబ్బు కాదు. ఈ జీపులు చాలావరకు పంట రోజుల్లో తిరిగి, మిగతా కాలం చెట్టు కింద నిలబడతాయి. బ్రేకాయిలుకు గాల్లో తేమను పీల్చుకునే గుణం ఉంది. డాట్ 3 రకం కొత్తగా పోసినప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పట్టాక అది 140 డిగ్రీలకు దిగిపోతుంది. ఆ తేమే సిలిండరు లోపలి గోడకు తుప్పు పట్టిస్తుంది, ఆ తుప్పు రబ్బరు కప్పును కోస్తుంది. తిరగని బండి మీటరు కదలదు, తేమ మాత్రం ఆగదు. కిలోమీటర్ల లెక్క ఇక్కడ చెల్లదని నేననడానికి పెద్ద ఆధారం ఇదే.

“పంపు కొడితే పడుతుందిగా” అనేది అందరూ చెప్పే సమాధానం. పంపు కొట్టాల్సి రావడమే జబ్బు, దానికి కారణాలు వేరువేరు. రెండోసారి నొక్కగానే పెడలు పైకొచ్చి గట్టిపడితే షూకీ డ్రమ్ముకీ ఎడం పెరిగిందన్నమాట. ఈ బళ్లలో అడ్జస్టర్ దానంతటది తిరగదు, చేత్తో తిప్పాలి. పెడలు స్పాంజిలా మెత్తగా ఉంటే పైపుల్లో గాలి చేరింది. నొక్కి పట్టిన కాలు కింద మెల్లగా దిగిపోతుంటే మాస్టర్ సిలిండర్ కప్పు పోయింది, లేదా ఎక్కడో కారుతోంది. బండి ఒక పక్కకు లాగితే ఒక చక్రం సిలిండర్ పట్టేసి ఉండాలి, లేదా ఆక్సిల్ ఆయిల్ సీలు పోయి లైనింగు తడిసి ఉండాలి. కాలు తీశాక కూడా చక్రం వేడెక్కుతుంటే రబ్బరు పైపు లోపల ఉబ్బి, వెళ్లిన ఆయిలును వెనక్కి రానివ్వడం లేదేమో చూడాలి. ఏ జబ్బో తేల్చకుండా ఆయిలు పోసి పంపించడం వైద్యం కాదు. ఇంజిన్ ఆయిలు పోయడమైతే అపచారమే. రబ్బరు భాగాలన్నీ ఉబ్బిపోతాయి.

మాది గంటకు నలభై కిలోమీటర్ల మీద పోయే బండి అనేవాళ్ల మాటలో నిజం లేకపోలేదు. అయితే అదే జీపు మిర్చి టిక్కీలతో, అంటే బస్తాలతో, ఈ నాలుగు వరసల రోడ్డెక్కితే లారీల నడుమ నలభైతో సరిపెట్టుకోదు. వేగం నలభై నుంచి అరవైకి పెరిగితే బ్రేకు మింగాల్సిన శక్తి రెండుంపావు రెట్లవుతుంది. నలభై కిలోల పైచిలుకు టిక్కీలు పది వేస్తే మరో నాలుగు వందల కిలోలు. డిస్క్ బ్రేకులు పెట్టిస్తే పీడ పోతుందనేవాళ్లూ ఉన్నారు. డిస్కు నీటినీ బురదనూ త్వరగా విదిలించుకుంటుంది, నిజమే. కానీ మాస్టర్ సిలిండర్ పాతదే ఉంచి, తేమ పట్టిన ఆయిలే ఉంచితే చక్రం దగ్గర మారింది తప్ప ప్రాణం మీదికి తెచ్చే చోట ఏమీ మారలేదు. ఖర్చు మాటకొస్తే రబ్బరు కిట్లు, డబ్బా ఆయిలు ఈ బండికి పెట్టే ఖర్చుల్లో చిన్నవే. అవి సమయానికి పెట్టకపోతేనే సిలిండర్లు, డ్రమ్ములు కొనాల్సి వస్తుంది.

గుండ్లకమ్మ నది ఒడ్డుకు వచ్చేసరికి లెక్క తేలుతుంది. మృగశిరకు ముందు ఒకసారి డ్రమ్ములు విప్పి, ఎండిన మట్టి తీసి, రబ్బరు టోపీలు, పైపులు చూసుకోవాలి. తుఫాన్ల కాలం గడిచాక, మిరప కోతలు ముమ్మరం కాకముందు, ధనుర్మాసంలో ఇంకోసారి విప్పాలి. అప్పుడే పాత ఆయిలు మొత్తం దించి కొత్తది పోయాలి, దూరపు చక్రంతో మొదలుపెట్టి గాలి తీయాలి. నీళ్లలో దిగిన బండికైతే చక్రాల బేరింగుల గ్రీజు మార్చాలి, ఆక్సిల్ ఆయిలు పాలలా తెల్లబడిందేమో చూడాలి. వాగు దాటిన వెంటనే పెడలును తేలిగ్గా నొక్కుతూ కొంత దూరం పోతే లైనింగు ఆరుతుంది. వీటన్నిటికీ ముందు రోజూ చేయగలిగిన పని ఒకటుంది. టిక్కీలు ఎక్కించే ముందు పెడలును అరనిమిషం నొక్కి పట్టాలి. కాలి కింద అది కొంచెం దిగినా, ఆ పూట సరుకు వేరే బండిలో పోవాలి.