పాదానికి తగిన బ్లేడు

ఎడారి నగరంలో మంచు మీద జారే ఆట నేర్చుకునే పిల్లలున్నారంటే మా వైపు బంధువులు ఇప్పటికీ నమ్మరు. నెల్లూరులో ఉన్న మా అత్తగారైతే "ఐసు ఫ్యాక్టరీలోనా అమ్మాయ్?" అని అడిగారు. అబూధాబీలోని జాయెద్ స్పోర్ట్స్ సిటీలో ఏడాది పొడవునా మంచు ఉండే రింక్ ఉన్నది. బయట నిప్పులు కురిసే ఎండ, లోపల ఉన్ని చేతితొడుగులు! ఈ నగరానికే చెందిన జహ్రా లారీ 2012లో ఇటలీలోని కనాజెయ్‌లో హిజాబ్ ధరించి పోటీలో పాల్గొన్నది. ఆ వస్త్రం కారణంగా న్యాయనిర్ణేతలు ఆమెకు మార్కు తగ్గించారు. ఆమె మాత్రం ఆట మానలేదు, హిజాబూ మానలేదు. ఆమె పేరు విన్న తరువాతనే మా అమ్మాయి ఎనిమిదో ఏట ఆ రింక్‌లో అడుగు పెట్టింది. ఇప్పుడు దానికి పదకొండేళ్లు.

ఆట సంగతి ఏమీ తెలియని నాకు బ్లేడు అంటే కత్తి అంచువంటి ఒకే ఒక గీత అనిపించేది. చేతిలోకి తీసుకొని చూస్తే అది వేరే లోకం. దాదాపు 4 మిల్లీమీటర్ల మందం ఉన్న ఆ ఉక్కు పట్టీ అడుగుభాగంలో పొడవునా సన్నని గాడి ఉంటుంది. గాడికి అటు ఒకటి, ఇటు ఒకటి రెండు అంచులు. పిల్ల ఏ వంపు తిరిగినా, ఏ దుముకు దుమికినా ఆ రెండింటిలో ఒకదానిపై ఒరిగి నిలుస్తుంది. గాడి లోతుగా ఉంటే మంచును గట్టిగా పట్టుకుంటుంది. లోతు తక్కువైతే హాయిగా జారుతుంది. ఆ లోతును ఒక వృత్తపు వ్యాసార్థంతో కొలుస్తారు. అర అంగుళం సాధారణ కొలత. అంకె చిన్నదయ్యే కొద్దీ గాడి లోతెక్కుతుంది.

ఇక పక్కనుంచి చూస్తే బ్లేడు తిన్నగా ఉండదు, ఊగుడు కుర్చీ కాళ్లవలె వంగి ఉంటుంది. దీనిని రాకర్ అంటారు. 7 అడుగుల వ్యాసార్థం గల వృత్తంలోని ముక్కవలె కొన్ని, 8 అడుగుల దానిలోని ముక్కవలె మరికొన్ని తయారవుతాయి. ముందు కొసన రంపపు పళ్లలాంటివి టో పిక్‌లు. కొన్ని రకాల దుముకులలో వాటిని మంచులో గుచ్చి పైకి లేస్తారు. గిరగిర తిరిగేటప్పుడు మాత్రం ఆ పళ్లకు సరిగ్గా వెనుక ఉన్న వంపు మీదనే బరువంతా నిలుస్తుంది.

ఇదంతా నేను ఇష్టపడి నేర్చుకోలేదు, అవసరం నేర్పింది. పోయిన శీతాకాలంలో మా అమ్మాయి ఒక చోట నిలిచి తిరగలేకపోయేది. తిరుగుతూ తిరుగుతూ రెండు మూడు గజాలు జరిగిపోయేది. అంతకు ముందు చక్కగా వచ్చిన విద్య అది. నెలరోజులు అలాగే గడిచాక ఒక రాత్రి అన్నం ముందు కూర్చుని, "అమ్మీ, నాకిది రాదులే. మానేస్తాను. అబ్బాకు డబ్బులు మిగులుతాయి" అన్నది. పిల్ల ఏడ్చి ఉంటే నాకు అంత బాధ కలిగేది కాదు. అంత నిదానంగా, లెక్క తేల్చినట్లుగా చెప్పడమే నా గుండెను మెలిపెట్టింది.

మరునాడు శిక్షకురాలు ఆ బూటును కంటి ఎత్తుకు లేపి, బ్లేడు వెంట చూపు సారించి చాలాసేపు చూశారు. నాకూ చూపించారు. మేము సాన పట్టించిన దుకాణంలో హాకీ బ్లేడ్లకు అలవాటుపడిన మనిషి టో పిక్ కింది పన్నును అరగదీశాడు. దాని వెనుక వంపు చదునైపోయింది. "మీ అమ్మాయి నిలబడవలసిన చోటే ఇప్పుడు లేదు, ఎలా నిలబడుతుంది?" అన్నారామె. ఆ మాట నేను ఇంగ్లీషులో విన్నాను గాని, మా అమ్మాయి ముఖంలో అది ఏ భాష అక్కరలేకుండా వెలిగింది.

బ్లేడు మార్చక తప్పదు. మరి ఏది కొనాలి? తనతో నేర్చుకునే ఒక అమ్మాయి వద్ద ఉన్న గోల్డ్ సీల్ కావాలన్నది మా పిల్ల. ఇంగ్లండులోని షెఫీల్డ్ నగరంలో తయారయ్యే జాన్ విల్సన్ వారి బ్లేడ్లలో అది మేటి. ఆ సంస్థ 1696 నాటిది. దాని ధర చూసి మావారు మళ్లీ మళ్లీ కళ్లద్దాలు తుడుచుకున్నారు. ఆ నెలలోనే మా అత్తగారి కంటి శుక్లం ఆపరేషన్‌కు డబ్బు పంపవలసి ఉన్నది. అది ఆగే ఖర్చు కాదు.

అయితే శిక్షకురాలు అభ్యంతరం చెప్పింది ధర గురించి కాదు. గోల్డ్ సీల్‌కు 8 అడుగుల రాకర్, పెద్ద పళ్లు. గాలిలో రెండు మూడు చుట్లు తిరిగేవారికి అది బలం. మా అమ్మాయి ఒక చుట్టు దుముకులన్నీ దాటి, ఒకటిన్నర చుట్ల ఆక్సెల్ వద్ద తడబడుతున్నది. బలం చాలని కాలికి పెద్ద పళ్లు మంచులో తగులుకొని ముందుకు పడదోస్తాయి. పైగా ఇన్నేళ్లుగా 7 అడుగుల వంపుకు అలవాటుపడిన పాదం తూకం కొత్తగా వెతుక్కోవాలి. ఇది వింటుంటే మా నాయన గుర్తుకు వచ్చారు. ఆయన వడ్రంగి. పనిలో చేరిన కుర్రవాడికి మొదటి ఏడాది పెద్ద ఉలి చేతికిచ్చేవారు కాదు. చెక్కకంటె ముందు వాడి వేలే తెగుతుందనేవారు.

చివరకు అదే సంస్థవారి కొరొనేషన్ ఏస్ నిశ్చయమైంది. 7 అడుగుల రాకర్. ఒక చుట్టు దుముకుల నుంచి రెండు చుట్ల తొలి ప్రయత్నాల దాకా సరిపోతుంది. బ్లేడు ఒక్కటే మారిస్తే చాలదని కూడా తెలిసింది. మెత్తబడిన బూటుకు మంచి బ్లేడు బిగిస్తే చీలమండకు ఆసరా ఉండదు. మరీ బిరుసైన బూటు కొంటే సన్నని పిల్ల చీలమండ వంచలేదు. కనుక మధ్యరకం బూట్లు తీసుకున్నాము. పెరిగే వయసని రెండు సైజులు ఎక్కువ కొందామన్నారు మావారు. పండుగ బట్టలకైతే సరే గాని, ఇక్కడ మడమ లోపల కదిలితే అంచు అదుపులో ఉండదు. ఆ మాట నేనే చెప్పవలసి వచ్చింది. ఆయన నవ్వి ఊరుకున్నారు.

బ్లేడు బిగించే పనితనం చూడవలసిందే. మొదట కోలగా ఉన్న రంధ్రాలలో తాత్కాలికంగా మరలు వేస్తారు. కొన్ని రోజులు మంచు మీద నడిచాక పాదం ఎటు ఒరుగుతున్నదో గమనించి, బ్లేడును వెంట్రుకవాసి జరిపి, అప్పుడు శాశ్వతమైన మరలు బిగిస్తారు. మా అమ్మాయి కుడిపాదం లోపలికి ఒరుగుతుంది. ఆ బ్లేడును కొద్దిగా లోపలి వైపు జరిపారు.

సాన విషయంలో ఇప్పుడు రాజీ లేదు. ఇరవై నుంచి నలభై గంటల ఆటకు ఒకసారి, అదీ ఫిగర్ బ్లేడ్ల పని తెలిసిన ఒకే మనిషి వద్ద, ఒకే కొలతతో. మిగిలినదంతా ఇంటి పనే: మంచు దిగగానే గుడ్డతో తుడవడం, నేల మీద నడిచేటప్పుడు గట్టి తొడుగు, ఇంటికి తెచ్చేటప్పుడు తడి పీల్చే మెత్తని తొడుగు. గట్టి తొడుగులోనే వదిలేస్తే తేమ నిలిచి తుప్పు పడుతుంది. ఈ పని మా అమ్మాయే చేసుకుంటుంది, నన్ను ముట్టుకోనివ్వదు.

అత్తగారి ఆపరేషన్ అల్లాహ్ దయవల్ల బాగా జరిగింది. మనవరాలి వీడియో చూసి, "ఇప్పుడు స్పష్టంగా కనపడుతున్నది, ఆ పిల్ల కాళ్లకు చెప్పులెక్కడ?" అన్నారు. కొత్త బ్లేడ్లకు అలవాటు పడేదాకా రెండు వారాలు ఆక్సెల్ ప్రయత్నించవద్దని శిక్షకురాలి ఆజ్ఞ. వంటింటి క్యాలెండర్ మీద మా అమ్మాయి రోజుకొక గీత గీస్తున్నది. నేటికి తొమ్మిది గీతలైనాయి.