మా పెరటి నరమామిడి చెట్లు

మా పెరటిలోనికి వచ్చిన సోదరీమణులు పడమటి గోడవైపు చూచి "ఈ అశోకవృక్షము లెంత తీరుగా నున్నవి! మాకును నాలుగు నాటించవలెనని యున్నది" అని యనుచుందురు. నాటించవలసినదే. కాని యవి యశోకములు కావు. ఆ సంగతి తెలిసికొనుటకు మాకే కొన్ని యేండ్లు పట్టినది.

మేము విశాఖపట్టణమున నొక పాత పెంకుటింట కాపురముందుము. పడమటి గోడ కావలి స్థలము 2008వ సంవత్సరము వరకు ఖాళీగా నుండెను. ఆ యేట నచ్చట మేడ లేచినది. మేడమీది వరండాలో నిలిచినవారికి మా నూతిగట్టు, బట్టలారవేయు దండెములు, తులసికోట సర్వమును కనబడుచుండెను. ప్రక్కవారు మంచివారే, కావలెనని చూచువారు కారు. అయినను మా యత్తగారు తెల్లవారక మునుపే స్నానము ముగించుకొన నారంభించిరి. తలంటుకొన్ననాడు జుట్టు విరబోసికొని యెండలో కూర్చుండుటయు మేము మానుకొంటిమి. మన యింట మనమే యొదిగి యొదిగి తిరుగుట యెంత కష్టమో పెరడు గల యాడువారికి వేరుగ చెప్పనక్కరలేదు.

గోడ యెత్తు చేయింతమన్న, వ్యయ మటుండగా, గాలి రాదు. వెడల్పు లేక నిలువుగా నెదిగి, సంవత్సరము పొడుగునను పచ్చగా నుండు చెట్టు కావలసి యుండెను. కొందరు సరుగుడు నాటుమనిరి. సముద్రపు టిసుకలో వంటచెరకునకై తోపులుగా పెంచుట కది మేలైనదే గాని, దాని రాలుడంతయు నూతిలో పడునని మాకు నచ్చలేదు. మొక్కలమ్మువాడు తొమ్మిది 'అశోకము'లను తెచ్చి యిచ్చెను. ఆ పేరు వినగానే మా యత్తగారి ముఖము విప్పారినది. సీతమ్మవారికి నీడ యిచ్చిన చెట్టు మన పెరటికి వచ్చుచున్నదని మొదటి మొక్కకు పసుపు కుంకుమ లద్ది, తామే నీళ్లు పోసిరి. అది 2009వ సంవత్సరపు వానకాలము. గోడకు మూడడుగుల యెడమున, మొక్కకును మొక్కకును అయిదడుగులు విడిచి నాటించితిమి. రెండు వేసవులు మాత్రము బిందెలతో నీళ్లు మోసితిమి; తరువాత వాని బ్రతుకు నవియే బ్రతికినవి.

నాలుగైదేండ్లలో అవి వరండాను మించినవి. కొమ్మలు ప్రక్కలకు చాచక, కాండము నంటుకొని క్రిందికి వ్రేలాడును. ఆకు పొడుగై నిగనిగలాడుచు, అంచులు అలలు అలలుగా నుండును. లేతయాకు రాగివన్నె. ఎండలు ముదురుచుండగా నాకులనడుమ పచ్చని నక్షత్రములవంటి పూవులు పూచి రెండు మూడు వారములకు రాలిపోవును. ఆకు రంగే గావున పూచినట్లు చాలమంది గమనింపనే గమనింపరు. వానలలో కాయలు నల్లనై పండును. అప్పుడు రాత్రులందు గబ్బిలములు వచ్చి తిని గింజలు రాల్చును. తెల్లవారి యూడ్చువారి కష్టము దేవునికే యెరుక.

ఆ పూవులే మా భ్రమ తీర్చినవి. వృక్షశాస్త్రము చదువుచున్న మా మేనకోడలు సెలవులకు వచ్చి, "అత్తా! అశోకము నారింజ యెరుపు గుత్తులుగా పూయును. ఇది నరమామిడి" అనినది. పేరున మామిడి యున్నను, ఇది సీతాఫలపు కుటుంబములోనిదట. దీనికి పరుల పేరు పెట్టుకొనుట యలవాటే కాబోలు. వంగదేశమున దీనిని దేవదారు వందురు, నిజమైన దేవదారువు హిమాలయములలో నుండగా! నిటారైన మ్రాను గావున పూర్వము ఓడలకు తెరచాప స్తంభములుగా వాడిరనియు చెప్పినది. పాలియాల్థియా యను దాని శాస్త్రనామమును సయితము 2012లో మోనూన్ అని మార్చిరి. ఈ మాటను మా యత్తగారితో నెట్లు చెప్పుదుమా యని సందేహించితిమి. ఆమె విని కొంచెముసే పూరకుండి, "తా నశోకమును కానని ఆ చెట్టునకు తెలియదు గదా. మీరు చెప్పకుడు" అనిరి. పండుగలకు దాని యాకులతోడనే తోరణములు కట్టించుచు వచ్చిరి.

2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీ, ఆదివారమున హుద్‌హుద్ తుపాను మా పట్టణముపైనే తీరము దాటినది. గాలి గంటకు 180 కిలోమీటర్ల వేగమున వీచెనని తరువాత వింటిమి. ఆనాడు మాత్రము తలుపు గడియలు పట్టుకొని కూర్చుంటిమి. మా చెట్లలో మూడు కూలినవి. అందొకటి గోడ దాటి ప్రక్కవారి స్నానాలగది రేకులమీద పడినది. ఆ యింటి పెద్దమ్మగారు అరగడియ ముందే యందుండి లోనికి వచ్చిరట. ఆ మాట వినినప్పుడు మాకు కాళ్లు వణకినవి.

పడిన చెట్ల వేళ్లు చూడగా కారణము కనబడినది. అమ్మువాని సంచిలో చాలకాల ముండుటచే చుట్టలు చుట్టుకొన్న వేళ్లు అయిదేండ్లయినను సంచి యాకారముననే యుండెను, త్రాటిచుట్టవలె. నాటునాడు వానిని విప్పుట గాని, చుట్టుకొన్న వేళ్లు కత్తిరించుట గాని మేము చేయలేదు. అందుచే మొక్క కొనునప్పుడు పొడుగు చూచి మురియకుడు. చిన్నదానినే తీసికొని, సంచి చింపి, వేళ్లు చూచి నాటుడు.

రేకులు మేమే వేయించితిమి. పెద్దమ్మగా రింకొక మాటయు మెల్లగా చెప్పిరి. "వదినగారూ! తుపాను నెపమున నడుగుచున్నానని యనుకొనకుడు. మీ చెట్లు పెరిగిననాటినుండి మా ముంగిట ప్రొద్దుటి యెండ లేదు. రెండేండ్లుగా నా వడియములు బూజు పట్టుచున్నవి." మా మరుగుకొర కామె యెండను కాజేసితిమని మాకు తోచనే లేదు! తలలు నరికింపవచ్చునని కొందరనిరి గాని, ఈ చెట్టు తల నరికినచో పలు మొనలు పుట్టి, ఆ సన్ననితనమే పోవును. మా యత్తగారును పెద్దమ్మగారును గోడ కిరువైపుల కుర్చీలు వేసికొని, ఎచ్చట ఖాళీ యుండవలెనో ఒక పూట తర్కించిరి.

గబ్బిలములు రాల్చిన గింజలు మొలచిన మొక్కలు రెంటిని వేళ్లు చెడకుండ పెకలించి, నూతికెదురుగా నున్న రెండు ఖాళీలలో నాటితిమి. ఇప్పుడవి వరండా నందుకొన్నవి. మూడవ తావున నేమియు నాటలేదు. ఆ సందునుండి ప్రొద్దుట రెండు గంటలసేపు ఎండ గోడ దాటి పోవును. చలికాలమున పెద్దమ్మగారి చేట లచ్చటనే యుండును. గుమ్మడి వడియములు మొదటి వాయి మాకే వచ్చును.