జొన్నరొట్టెల సీమలో

మా చిన్నమ్మాయికి నల్లగొండలో నొక కళాశాలయందు చోటు దొరికినదని తెలిసిన నాడు మా యింట సంతోషముతోపాటు దిగులును ప్రవేశించెను. చదువును గూర్చి కాదు, తిండిని గూర్చి. పిల్లకు సీలియాక్ అను వ్యాధి కలదు. గోధుమ, బార్లీ, రై అను ధాన్యములలో గ్లూటెన్ అను మాంసకృత్తు ఉండును. అది ఏ కొంచెము లోనికి పోయినను ఆమె శరీరము తన చిన్నప్రేగు లోపొరపై తానే తిరుగబడును. అపుడు తిన్నది ఒంటబట్టదు, రక్తము క్షీణించును. జన్మమంతయు ఆ ధాన్యములను విడిచిపెట్టుటయే దీనికి చికిత్స.

ఇంటిలో నిది కష్టము కాదు. మనము అన్నము తినువారము గదా! చిక్కంతయు గడప దాటిన పిమ్మటనే. అందుచేత, పిల్లను చేర్చుటకు ముందు ఆ వైపు హోటళ్లలో ఆమె యేమి తినగలదో చూచి రావలెనని, దారి చుట్టే యైనను మహబూబునగరములో మా వదినగారి యింట నొక రాత్రి నిలిచి నల్లగొండకు పోవ నిశ్చయించితిమి.

ఈ రోగమునకు గోధుమయే కారణమని వైద్యులకు తెలిసి ఎంతో కాలము కాలేదు. 1888లో శామ్యూల్ గీ అను ఆంగ్లవైద్యుడు దీనిని చక్కగా వర్ణించి, ఆహారము చేతనే నయము కావలెనని చెప్పెను గాని, అపరాధి యెవరో కనుగొనలేకపోయెను. హాలెండులో డికె అను శిశువైద్యునికి రొట్టెపై ముందునుండియు అనుమానము. 1944-45 చలికాలపు కరవులో ఆ దేశమున రొట్టె దొరకలేదు. ఊరందరు చిక్కిపోవుచుండగా ఈ రోగముగల బిడ్డలు మాత్రము తేరుకొనిరి. రొట్టె మరల రాగానే మరల పడిరి. 1950లో ఆయన తన సిద్ధాంతగ్రంథమున దీనిని నిరూపించెను.

మన దేశమున 2016లో ప్రకటింపబడిన యొక పరిశోధన ప్రకారము ఉత్తరదేశమున వేయిమందిలో పండ్రెండుగురికి ఈ వ్యాధి యుండగా, దక్షిణమున వేయింటికి ఒక్కరికే కనబడినది. అక్కడివారు దినమునకు సగటున 455 గ్రాముల గోధుమ తినగా, ఇక్కడివారు 25 గ్రాములే తినుచుండిరట. అందుచేతనే మన వైపు దీనిని ఎవరును త్వరగా అనుమానింపరు. మా పిల్ల మూడేండ్లు ఇనుపమందులు మ్రింగిన పిదప గాని సంగతి బయటపడలేదు.

షాద్‌నగరు, జడ్చర్ల మీదుగా పోవు బస్సులో దారి పొడుగునను ఉడికిన పల్లీలతోను అరటిపండ్లతోను గడిపితిమి. పాలమూరు చేరినపుడు మధ్యాహ్నము దాటినది. వదినగారు మమ్ము పిల్లలమర్రికి తీసికొనిపోయిరి. ఏడువందల ఏండ్ల వృక్షమని చెప్పుదురు. ఊడలు దిగి మూడెకరముల మేర వ్యాపించినది. 2017 డిసెంబరులో ఒక పెద్దకొమ్మ విరిగిపడగా, మరుసటి యేడు చెదల మందును ఆసుపత్రిలోవలె సీసాలతో బొట్టుబొట్టుగా దాని కొమ్మలలోనికి ఎక్కించిరి. వదినగారు ఆ కథ చెప్పగా మా పిల్ల మానువైపు చూచి, “దీనికి పథ్యము కూడ పెట్టిరా అత్తా?” అని నవ్వినది. చాలదినములకు ఆ నవ్వు విన్నాను.

సాయంకాలము వీధి మొగను ఒక ముసలమ్మ కట్టెల పొయ్యిపై జొన్నరొట్టెలు కాల్చుచుండెను. ఆ చప్పుడు, ఆ వాసన, ప్రక్కన ఎల్లిపాయకారము! ఇది జొన్నల సీమ, ఇక్కడ మాకు భయమేమి యనుకొని నేను చేయి చాచితిని. పిల్ల నన్ను ఆపి, “గోధుమపిండి కలుపుతారా అవ్వా?” అని అడిగెను.

“కలిపితే గది జొన్నరొట్టె ఎట్లయితది బిడ్డా?” అని ముసలమ్మ కోపగించుకొన్నది.

“మరి పిండి ఎక్కడ పట్టిస్తారు?”

ముసలమ్మ చేయి పెనముపై నిలిచిపోయెను. “గిర్నిల. గిర్నోడు గోదుమలు, జొన్నలు గదే రాయిల పడతడు,” అని చెప్పి, తానే “వద్దులే బిడ్డా” అన్నది. అమ్ముకొనవలసిన రొట్టెను వద్దనిన ఆమె నిజాయితీకి నేను మనసులో నమస్కరించితిని. ఆ రాత్రి వదినగారు అటకమీది ఇసుర్రాయి దింపించిరి. అత్తాకోడండ్రు చెరియొక ప్రక్క కూర్చుండి రెండు సోలల జొన్నలు విసరిరి. పిల్ల అరచేయి బొబ్బలెక్కినది గాని నాలుగు రొట్టెలు తినినది.

మరునాడు కల్వకుర్తి, మల్లేపల్లి మీదుగా నల్లగొండ చేరితిమి. ముందు పానగల్లులో ఛాయాసోమేశ్వరుని దర్శించి, గర్భగుడిలో పగలంతయు కదలక నిలుచు నీడను చూచి, ఆకలితో ఒక పెద్ద ఫలహారశాలకు వచ్చితిమి.

హోటలు సంగతులు కొన్ని నాకిదివరకే అనుభవమున తెలియును. ఉప్మా బొంబాయిరవ్వ గోధుమదే. పూరీలు వేచిన నూనెలో గారె వేచినచో ఆ గారెయు మాకు పనికిరాదు. రవ్వదోసె పోసిన పెనముపై సాదాదోసెయు అంతే. బిరియాని బియ్యముదే గదా యందురు. దమ్ము పట్టుటకు గుండిగ మూతచుట్టు పెట్టు ముద్ద గోధుమపిండిదే. కిలో ఆహారమున 20 మిల్లిగ్రాములకు మించి గ్లూటెన్ ఉన్నచో దానిని గ్లూటెన్ లేనిదని అమ్మరాదని మన ఆహారభద్రతాసంస్థ నియమము. ఈ లెక్క హోటలువారికి చెప్పిన నవ్వుదురు, వారిని తప్పుపట్టలేము.

ఇవన్నియు నేను వడ్డించు అబ్బాయికి గట్టిగా వివరింపసాగితిని. పిల్ల ముఖము ఎర్రవారెను. “అమ్మా, నా జబ్బు ఈ గదిలో అందరికిని తెలిసినది. ఇక నీవు కూర్చుండుము,” అనినది. ఆ మాట నాకు ముల్లువలె గ్రుచ్చుకొన్నది. రెండేండ్లుగా ప్రతిచోట ఆమె నోరు నేనైతిని గదా!

అబ్బాయి ఇడ్లీ, సాంబారులలో గోధుమ లేదనెను. నేను సరే యంటిని. ఇడ్లీ బియ్యము, మినుములు, సాంబారు కందిపప్పు, ఇంకేమున్నది? పిల్ల లేచి వంటయింటి గుమ్మము వద్దకు పోయి, “అన్నా, సాంబారులో వేసే ఇంగువ డబ్బా ఒకసారి చూపిస్తారా?” అని మెల్లగా అడిగెను. వంటాయన డబ్బా తెచ్చి వెలుతురులో త్రిప్పి చదివెను. గోధుమపిండి అని స్పష్టముగా అచ్చువేసి యున్నది. ముడి ఇంగువ ఘాటు తగ్గించుటకు పిండియు బంకయు కలిపి అమ్ముట వాడుక.

“ఇరువై ఏండ్ల సంది వండుతున్న. డబ్బ మీద ఏమున్నదో ఎన్నడు చదువలే,” అనెను ఆయన. పోయిన యేడు వేరొక ఊరిలో ఇట్టి సాంబారు తినియే కాబోలు పిల్ల మూడు దినములు మంచము పట్టినది. నాడు అడిగినది నేనే. నేను అడిగినది గోధుమను; ఇంగువను కాదు. వంటాయన కొత్త పళ్లెములో ఆవిరి ఇడ్లీలు పెట్టి, తాలింపు పెట్టని పల్లీల పచ్చడి తానే తెచ్చి వడ్డించెను. సొమ్ము సగమే తీసికొందుననెను గాని పిల్ల ఒప్పుకొనలేదు.

పిమ్మట వసతిగృహమునకు పోయితిమి. నేను వరండాలో బల్లపై కూర్చుంటిని, ఈమారు లేవలేదు. వంటయింటిలో పిల్లయు వంటచేయు నామెయు మాటలాడుట వినబడుచునే యుండెను. చారు తాలింపునకు ముందే తీసిపెట్టుట, చపాతీల నాడు గరిటె వేరుగా నుంచుట, ఇట్టి సంగతులు. అరగంట గడచినది. పిల్ల బయటికి వచ్చి నా సంచిలోని బియ్యపుపిండి కలిపిన ఇంగువ డబ్బాను తీసికొనిపోయెను. కొంతసేపటికి వంటామె డబ్బా చేత పట్టుకొని వచ్చి, “అమ్మా, గిది నల్లగొండల దొరుకుతదా? వెల ఎంతుంటది?” అని అడిగినది.