గోడ అవతలివారు

మీ ఇంటి దస్తావేజు ఎప్పుడైనా తీరికగా చదివారా? చదివి ఉండరు. అది చదవడానికి వ్రాసినది కాదు, బీరువాలో దాచడానికి వ్రాసినది. కాని చివర షెడ్యూలు అని ఒకటుంటుంది. అది మాత్రం చదవదగ్గదే. తూర్పు ఫలానావారి దొడ్డిగోడ, దక్షిణం ఫలానావారి ఇల్లు, పడమర మునిసిపల్ రోడ్డు అంటూ చతుస్సీమలు వ్రాస్తారు. పొరుగువారి పేర్లు ఎత్తకుండా మన ఇల్లెక్కడుందో చెప్పడం సర్కారువారికైనా చేతకాదన్నమాట!

తీరా ఇల్లు కట్టేవేళకు ఆ పొరుగువారు ఎవరికీ గుర్తుండరు. మేము మేడకు ప్లాను పెట్టినప్పుడు దస్తావేజు నకలు అడిగారు, పన్ను రసీదు అడిగారు, ఫోటోలు అడిగారు. పక్కవారికి చెప్పారా అని అడిగిన పుణ్యాత్ముడు లేడు. తెలంగాణలో 2020లో వచ్చిన చట్టం 75 చదరపు గజాల లోపు స్థలంలో చిన్న ఇంటికి అనుమతే అక్కరలేదు, నమోదు చాలునంది. ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తగ్గింది, సంతోషమే. పక్కింటి సంగతి మాత్రం మన మర్యాదకే వదిలేశారు.

ఇంగ్లండు, వేల్సులలో మర్యాదను నమ్ముకోలేదు. 1996లో ఉమ్మడి గోడల చట్టం చేశారు. ఉమ్మడి గోడమీద చెయ్యి వేయాలంటే రెండు నెలల ముందు పొరుగువాడికి కాగితం అందాలి. అతని కట్టడానికి మూడు మీటర్ల లోపల, అతని పునాదికన్న లోతుగా తవ్వాలంటే ఒక నెల ముందు. 14 రోజుల్లో అతను ఒప్పుకోకపోతే తగవున్నట్టే లెక్క. సర్వేయర్లు వచ్చి తేలుస్తారు.

మనకూ ఒక కాగితముంది. దాని పేరు కేవియట్. సివిల్ ప్రొసీజర్ కోడులో 1976లో చేర్చారు. ఎదటివాడు కోర్టుకెక్కి స్టే అడిగితే, నా మాట వినకుండా ఇవ్వకండని ముందే వేసుకునే పిటిషన్. 90 రోజులు చెల్లుతుంది. దాని నోటీసు ఎదటివాడికి రిజిస్టర్డు పోస్టులో పంపాలి.

మా ఉత్తరపు ఇంటాయన మాకు అదే పంపారు. ఆ ఇంటికీ మా ఇంటికీ ఏళ్ళ తరబడి ఆవకాయ జాడీలు తిరుగుతున్నాయి. మా ఆవిడ కవరు చదివించుకుని, "మనం కోర్టుకు వెడతామని ఎలా అనుకున్నారండీ!" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. వారం రోజులు ఆ పిట్టగోడ దగ్గర మాటల్లేవు.

ఆయన భయం ఆయనది. మా వంటింటి కిటికీ నలభై ఏళ్ళుగా అటే తెరుచుకుంటోంది. ఇరవై ఏళ్ళు అడ్డులేకుండా వెలుతురు అనుభవిస్తే హక్కు వస్తుందని 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం. ప్లీడరుగారు అది చెప్పి, "ఎందుకైనా మంచిది" అన్నారట. ఆ రెండు ముక్కలు ఎన్ని కొంపలు ముంచాయో!

నాకు దిగులు కిటికీని గురించి కాదు. ఆ వంటింటి గోడ మట్టితో కట్టినది, పునాది రెండడుగులైనా లేదు. ఆ సంగతి ఆయనకేం తెలుసు? నేనే వెళ్ళాను. కాఫీ ఇచ్చారు. ప్లాను పరిచారు. గోడ పొడుగునా ఆరడుగుల కందకం! మేస్త్రిని పిలిచి చూపిస్తే, అతను గోడ తట్టి, "ఒక్కసారే తవ్వితే ఇది ఆగదు బాబుగారూ. నాలుగేసి అడుగులు తవ్వుకుని, కట్టుకుంటూ పోదాం" అన్నాడు. పని పదిరోజులు పెరిగింది. గోడ నిలిచింది. వంటింట్లో వెలుతురు సగం పోయింది. పోదూ మరి, ఆయన స్థలం ఆయనది.

కిందటి నెల బోరు వేయించారు. ముందురోజు సాయంత్రం వారి అమ్మాయి పిట్టగోడమీంచి తొంగిచూసి, "పిన్నిగారూ, రేపు దుమ్ము లేస్తుందట. బట్టలు ఆరవేయవద్దని నాన్న చెప్పమన్నారు" అంది.