మామిడి కొమ్మకు సెలైన్ సీసా

నాలుగు చిన్న రసాలు కొనుక్కుందామని ఓ మే నెల పొద్దున ఆగిరిపల్లి వైపు తోటలోకి వెళ్లాను. చిక్కాలు పట్టుకుని కూలీలు కాయ కోస్తున్నారు. కొంచెం అవతల చెట్టు కింద నులక మంచం, మంచం మీద ఒకామె, ఆమెకు పైన కొమ్మకు వేలాడుతూ సెలైన్ సీసా. మల్టీవిటమిన్ కలిపినట్టున్నారు, పండిన బంగినపల్లి రంగులో ఉంది. ఆకుల మధ్య అది కాయో సీసానో ఒక్క క్షణం పోల్చుకోలేకపోయాను. మోటారు సైకిలుకు ఆనుకుని నిలబడ్డ ఆర్‌ఎంపీ నన్ను చూసి నమస్కారం పెట్టాడు. "నీరసమండి," అన్నాడు, చెట్టుకు తెగులు పేరు చెప్పినంత మామూలుగా.

ఇరవై ఏడేళ్లుగా నూజివీడులో నా పోరు ఆ సీసాతోనే.

"ఒంట్లో సత్తువ లేదండి. కాళ్లు పీకుతున్నాయి. ఓ సీసా ఎక్కించండి, తేలికయిద్ది." రోజుకు పదిమందైనా అంటారు. రక్త పరీక్ష రాస్తే మొహం ముడుస్తారు. సీసా అక్కర్లేదంటే లేచిపోతారు. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో నేనూ పెట్టాను. డబ్బు కోసం కాదు, వాళ్ల తృప్తి కోసం అని నాకు నేను చెప్పుకున్నాను. డబ్బు మాత్రం తీసుకున్నాను.

ఆ సీసాలో ఏముందో లెక్క చెబుతాను. అయిదు శాతం గ్లూకోజు అరలీటరు సీసా అంటే పాతిక గ్రాముల చక్కెర. వంద కేలరీలు కూడా రావు. మన తోటలో రాలిన ఓ మోస్తరు బంగినపల్లి పండులో అంతకు తక్కువ ఉండదు, పైగా దానికి సూది గుచ్చక్కర్లేదు. ఉప్పు సీసా అయితే నాలుగున్నర గ్రాముల ఉప్పు, అరలీటరు నీళ్లు. ఆవకాయ దేశంలో ఉప్పు కోసం నరం వెతుక్కోవాలా? వాంతులూ విరేచనాలూ పట్టుకున్నవాడికి, వడదెబ్బ తగిలినవాడికి ఆ సీసాయే ప్రాణం పోస్తుంది, కాదనను. కానీ నెలల తరబడి లాగే నీరసం నీళ్లు తక్కువై వచ్చింది కాదు.

దాని వెనక ఏమైనా ఉండొచ్చు. రక్తం తక్కువ కావడం, థైరాయిడ్, షుగరు, క్షయ, గురకతో చెడిన నిద్ర, ఎవరికీ చెప్పుకోలేని దిగులు. కిడ్నీ జబ్బుకు పేరుపడ్డ ఎ.కొండూరు తండాల వైపు నుంచి వచ్చినవాళ్లయితే కిడ్నీలు. కిడ్నీ చెడినవాడికి నీరసమని సీసా మీద సీసా పెడితే, పోయే దారిలేని ఆ నీళ్లు ముందు కాళ్లలో, తర్వాత ఊపిరితిత్తుల్లో చేరతాయి. అలా మూడు వారాలు సీసాలు ఎక్కించుకున్న ఓ తాత అర్ధరాత్రి ఆటోలో, పడుకోలేక కూర్చునే వచ్చాడు. విజయవాడ పంపించాను. మళ్లీ చూడలేదు.

ఎక్కువమందిది మాత్రం రక్తహీనతే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి దాదాపు 59 మందికి అది ఉంది. పెట్టెల్లో గడ్డి పరిచి కాయ సర్దే పనికి వెళ్లే ఒకామె వచ్చింది. చేతుల మీద సొన కాల్చిన మచ్చలు, కింది కనురెప్ప లాగి చూస్తే తెల్ల కాగితం. హిమోగ్లోబిన్ 12 ఉండాల్సింది, 6.2 ఉంది. రక్తం ఎక్కడ పోతోందో చూశాను. నెలసరి ఎక్కువ, దానికి వైద్యం మొదలుపెట్టాను. ఇనుము మాత్రలు రాశాను. నిమ్మరసంతో వేసుకోమన్నాను, టీతో వద్దన్నాను, విరేచనం నల్లగా అవుతుంది భయపడొద్దన్నాను, రక్తం పెరిగాక కూడా మూడు నెలలు మానొద్దన్నాను. తల ఊపింది. ఆ తల ఊపడం చూసి మోసపోని డాక్టరు లేడు.

నెల తర్వాత వచ్చింది. 6.4.

"మాత్రలు వేసుకున్నావా అమ్మా?"

"ఆరు రోజులు వేసుకున్నానండి. వేడి చేశాయి. మానేశా."

"దేంతో వేసుకున్నావు?"

"టీతోనండి."

"మిగిలినవి?"

"గులాబీ మొక్కకేశానండి. ఆకు బాగా పచ్చబడింది."

కోపం రావాలి కదా, నవ్వొచ్చింది. ఆ మాత్రలో ఇనుముతో పాటు ఉండే ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన బృందాన్ని నడిపించింది ఎవరో కాదు, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన సోదరుల్లో ఇద్దరిని, తిండి ఒంటికి పట్టనీయక రక్తం తగ్గించే స్ప్రూ జబ్బు తినేసింది. కండరానికి సత్తువనిచ్చే ఏటీపీ అనే పదార్థాన్ని గుర్తించి, 1929లో హార్వర్డు నుంచి సహ పరిశోధకుడు ఫిస్కేతో కలిసి ప్రకటించిందీ ఆయనే. సత్తువ గుట్టు విప్పినవాడు మనవాడైతే, మనం సత్తువ కోసం కొమ్మకు సీసా కడుతున్నాం. ఆయన మాత్ర గులాబీ మొక్కకు పోతోంది.

ఇంకో రకం వైద్యం ఉంది, సీసా కంటే ప్రమాదం. ఓ తోట కాపలాదారు నెలల తరబడి 'బలం బిళ్లలు' మింగుతున్నాడు. మొహం పున్నమి చంద్రుడిలా ఉబ్బింది, చర్మం పలచబడింది, షుగరు ఎక్కింది. స్టెరాయిడ్లు. కార్బైడ్ పెట్టి మగ్గేసిన పండు ఎలా ఉంటుందో మా ఊళ్లో పిల్లాడికి కూడా తెలుసు. పైకి పసుపు, కోస్తే లోపల పులుపు. "నీ ఒంటికి కార్బైడ్ పెడుతున్నావయ్యా, ఇంకొక్క బిళ్ల మింగావో నా గుమ్మం తొక్కొద్దు," అని గట్టిగా తిట్టాను. ఇన్నేళ్లలో నా మాట అక్షరాలా పాటించిన రోగి అతనొక్కడే. ఆ రోజే బిళ్లలన్నీ కాలువలో పారేశాడు. అన్నాళ్లు స్టెరాయిడ్ వాడితే ఒంట్లో సొంతంగా తయారయ్యేది ఆగిపోతుంది, కాబట్టి మెల్లమెల్లగా తగ్గించుకుంటూ రావాలి. ఆ ముక్క నేను తిట్ల హడావిడిలో చెప్పలేదు. అయిదో రోజు బీపీ అందకుండా మోసుకొచ్చారు. బతికాడు. ఇప్పటికీ సీజనులో ఓ బుట్ట రసాలు తెచ్చి నా బల్ల మీద పెడతాడు. ఆ పండ్లు నాకు సరిగ్గా సహించవు.

ఇక చెప్పడానికి ఇష్టంలేనిది. 2006లో చికున్‌గున్యా మన జిల్లాల్ని కుదిపేసినప్పుడు ఓ టీచరమ్మ కీళ్లనొప్పులతో వచ్చింది. జ్వరం పోయింది, నొప్పులు తగ్గాయి, నీరసం పోలేదు. ఏడాదైనా పోలేదు. పరీక్షలన్నీ బాగున్నాయి. బాగున్నాయని చెబుతూ నేను సంతోషపడ్డాను, ఆమె పడలేదు. "ఏమీ లేదమ్మా, మనసు మళ్లించుకోండి, రోజూ నడవండి, రోజుకింత పెంచండి," అన్నాను. నడిచింది. నడిచిన మర్నాడు లేవలేకపోయేది. రెండు రోజులు పడుకుని మళ్లీ నడిచేది. చివరికి నా దగ్గరికి రావడం మానేసింది.

క్రానిక్ ఫటీగ్ సిండ్రోమ్ గురించి సరిగా చదువుకున్నది చాలా ఆలస్యంగా. ఆరు నెలలు దాటిన నీరసం, నిద్రపోయినా తీరని అలసట, మాట మధ్యలో మాట మరిచిపోవడం, నిలబడితే తల తిరగడం, అన్నిటికీ మించి చేసిన పనికి మర్నాడో ఎల్లుండో పడే జరిమానా. దాన్ని పట్టే రక్త పరీక్ష లేదు. మిగతావన్నీ కావని తేల్చుకుని, రోగి చెప్పేది విని పోల్చుకోవాలి. బలవంతంగా వ్యాయామం పెంచే పద్ధతి వద్దని 2021లో బ్రిటన్ మార్గదర్శకాలు తేల్చి చెప్పాయి. అంటే నేను రాసిచ్చిన మందే వద్దన్నారు. ఉన్న ఓపికలోనే పని చేసుకోవాలి, అలసట రాకముందే ఆగాలి.

ఆ టీచరమ్మ కొన్నేళ్లకు అత్తగారిని చూపించడానికి వచ్చింది. ఆర్‌ఎంపీ దగ్గర వారానికో సీసా పెట్టించుకుంటున్నానని చెప్పింది. నాకు చిర్రెత్తింది. "చదువుకున్నవారు, అందులో ఏముందో మీకు తెలీదా?"

"తెలుసు సార్. అది ఎక్కుతున్న రెండు గంటలూ నన్నెవరూ లేపరు."

నాకు తోటలో మంచం గుర్తొచ్చింది. నిరుడు విరగకాసిన చెట్టు ఈ ఏడు కాయకపోతే మా రైతు దాన్ని తిట్టడు. "అలిసింది, వచ్చే ఏడు కాసిద్ది," అంటాడు. ఇంట్లో ఆడమనిషికి ఆ మాట దక్కాలంటే పైన సీసా వేలాడాలి.

అప్పటి నుంచి ఇలాంటివాళ్లకు చీటీ మీద అన్ని మందుల కంటే పైన, తెలుగులో, పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. 'మధ్యాహ్నం రెండు గంటలు పడుకోవాలి. లేపకూడదు.' కింద సంతకం, స్టాంపు కూడా.

మొన్న సీజనులో ఓ రైతు, తన భార్యకు రాసిన చీటీ చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. "ఉత్తినే పడుకోవడమేనా అండి? సీసా ఏమీ లేకుండా?"

"ఏమీ లేకుండా."

నమ్మకం కుదరలేదు. చీటీ పట్టుకుని తిన్నగా ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లాడట. అతను పైనుంచి కిందిదాకా శ్రద్ధగా చదివి, పెద్ద డాక్టరు గారు రాసింది కాదనకూడదని, రెండు గంటలూ ఆమెను లేపకుండా పడుకోబెట్టాడట. పైన సీసా తగిలించి.